వికెట్ల వెనుక హైదరాబాదు వాడు – పోచయ్య కృష్ణమూర్తి

క్రికెట్ ఆటలో బౌలరుకు విశ్రాంతి ఉన్నది. ఒక ఓవరు ముగిసిన పిదప రెండవ కొన నుండి మరొకడు బంతి వేస్తాడు. బ్యాట్స్‌మన్‌కు విశ్రాంతి ఉన్నది. అవుటయినవాడు నీడపట్టున కూర్చొనవచ్చును. బౌండరీ గీత దగ్గర నిలుచున్న ఫీల్డరుకు గంటసేపు బంతి రాకపోయినా రాకపోవచ్చును. ఏ విశ్రాంతీ ఎరుగనివాడు వికెట్ కీపరు ఒక్కడే. ఎదుటి జట్టు దినమంతా ఆడినచో సుమారు అయిదు వందల పర్యాయాలు వంగి, లేచి, ప్రతి బంతీ తన చేతికే వస్తుందన్నట్లు కాచుకొని ఉండవలసినవాడతడు. ఇంత శ్రమించినా సాయంకాలం స్కోరు పట్టికలో అతని పేరే కనబడకపోవచ్చును. అటువంటి శ్రమతో భారత క్రికెట్ చరిత్రలోని ఒక గొప్ప విజయంలో పాలు పంచుకొన్న హైదరాబాదు క్రీడాకారుని చరిత్రను ఈ సంచికలో మన విద్యార్థులకు పరిచయం చేయదలచినాము.

ఆయన 1947 జూలై 12వ తేదీన హైదరాబాదు నగరంలో జన్మించినారు. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి అప్పటికి నెల రోజుల పైన కొద్ది దినాలున్నవి. హైదరాబాదు ఇంకా నిజాము ఏలుబడిలోనే ఉన్నది. రికార్డు గ్రంథాలలో ఆయన పేరు పోచయ్య కృష్ణమూర్తి అని కనిపిస్తుంది. విదేశీ వ్యాఖ్యాతలకు ఆ మొదటి మాట ఏమని తోచినదో గాని, మన ప్రాంతంవారికి దాని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఊరి పొలిమేరను కాచే పోచమ్మ తల్లి పేరు మీద పోచయ్య, పోచవ్వ అని పేర్లు పెట్టుకోవడం తెలంగాణ పల్లెలలో తరతరాల ఆచారం. కాటారం పరిసరాలలో ఆ పేరు గలవారు లేని ఊరు అరుదు. అటువంటి పేరు లండన్ నగరంలోనూ, జమైకా ద్వీపంలోనూ స్కోరు పట్టికల కెక్కినదని తలచుకొన్నప్పుడు మాకు సంతోషం కలిగినదని దాచుకోకుండా చెబుతున్నాము.

1960 దశకపు చివరి సంవత్సరాలలో కృష్ణమూర్తి హైదరాబాదు రంజీ జట్టులో ప్రవేశించినారు. నాటి హైదరాబాదు జట్టును గురించి కొంత చెప్పక తప్పదు. నాయకుడు ఎం.ఎల్. జయసింహ. భారత జట్టుకు నాయకత్వం వహించిన పటౌడీ నవాబు మన్సూర్ అలీ ఖాన్ ఈ జట్టులో జయసింహ నాయకత్వం క్రింద ఒక సామాన్య సభ్యునిగా ఆడినారు. అబ్బాస్ అలీ బేగ్, సయ్యద్ ఆబిద్ అలీ, గోవిందరాజ్, కెనియా జయంతిలాల్, ముంతాజ్ హుసేన్, నౌషేర్ మెహతా మొదలైనవారు అందులో ఉన్నారు. పేర్లు చదివితేనే తెలుస్తుంది అది ఎన్ని ఇండ్ల నుండి, ఎన్ని భాషల నుండి వచ్చిన జట్టో. మైదానంలో వారందరినీ కలిపినది హైదరాబాదు ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు కలగలిసిన నగరపు మాట. ఇంత ప్రతిభ ఉండియు ఆ తరం హైదరాబాదు రంజీ ట్రోఫీని గెలువలేకపోయినది. 1937-38లో ఒకసారి, మరల 1986-87లో ఒకసారి ఆ ట్రోఫీ మన నగరానికి వచ్చినది. నడుమనున్న జయసింహ తరానికి ఆ భాగ్యం లేకపోయినది. ఆ కాలంలో బొంబాయి జట్టు వరుసగా పదిహేను సంవత్సరాలు ట్రోఫీని ఎవరికీ విడువలేదన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవలెను.

ఈ జట్టులో వికెట్ల వెనుక నిలుచుండడం సులభమైన పని కాదు. వేగంగా బంతి వేసేవాడు ఉన్నప్పుడు కీపరు వికెట్లకు దూరంగా నిలుచుంటాడు. బంతిని చూడడానికి అతనికి వ్యవధి దొరుకుతుంది. స్పిన్ బౌలింగుకు అట్లా కుదరదు. వికెట్లకు చేతి దూరంలో, బ్యాట్స్‌మన్ వీపు వెనుకనే వంగి కూర్చొనవలెను. బంతి నేలను తాకి లేచేవరకు తాను లేవరాదు. ముందుగా లేచినవాని చేతుల క్రింది నుండి బంతి దూరిపోతుంది. ఆలస్యంగా లేచినవాని వేళ్ళకు దెబ్బ తగులుతుంది. కాలి వైపు పడే బంతి మరీ కష్టం. బ్యాట్స్‌మన్ శరీరం అడ్డు వచ్చి ఒక క్షణంపాటు బంతి కనిపించనే కనిపించదు. ఆ క్షణంలో కీపరు కంటితో కాక బౌలరు మణికట్టును బట్టి, ఊహను బట్టి చేతులను నడిపించవలెను. బంతి చేత చిక్కిన తరువాత కూడా పని పూర్తి కాదు. బ్యాట్స్‌మన్ పాదం గీత దాటి ఉన్నదా లేదా అన్నది గ్రహించి, కన్ను మూసి తెరిచేలోగా బెయిల్స్ పడగొట్టవలెను. దానినే స్టంపింగ్ అంటారు. ముంతాజ్ హుసేన్ ఎడమచేతి బౌలరు. బంతి ఏ వైపు తిరుగుతుందో తన చేయి చూసి తెలియనివ్వకుండా రెండు విధాలుగా వేసేవాడు. బ్యాట్స్‌మన్‌కు తెలియకపోయినా ఫరవాలేదు. కీపరుకు తెలియకపోతే జట్టుకే నష్టం. ఇటువంటి బౌలర్ల వెనుక కృష్ణమూర్తి తన విద్య నేర్చుకొన్నారు.

దక్షిణ మండలం తరఫున ఆడేటప్పుడు ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ వంటి దేశపు గొప్ప స్పిన్నర్లతో ఆడే అవకాశం కూడా ఆ మండలపు కీపరుకు ఉండేది. భారతదేశపు బలమంతా స్పిన్ బౌలింగులోనే ఉన్న కాలమది. కొత్త బంతిని ఆబిద్ అలీయో, సోల్కరో కొద్ది ఓవర్లు వేసి మెరుపు పోగొట్టేవారు. ఆ తరువాత దినమంతా స్పిన్నర్లదే రాజ్యం. కనుక భారత కీపరు పని ఇతర దేశాల కీపర్ల పని వంటిది కాదు. ఆస్ట్రేలియా, వెస్టిండీస్ కీపర్లు చాలాసేపు వికెట్లకు దూరంగా నిలుచుండగా మనవాడు దినంలో ఎక్కువ భాగం స్టంపులను అంటిపెట్టుకొని ఉండవలసి వచ్చేది.

1971లో వెస్టిండీస్ పర్యటనకు జట్టును ఎంపిక చేయవలసి వచ్చినది. పటౌడీకి బదులు అజిత్ వాడేకర్ నాయకుడైనారు. అప్పటికి దేశంలో మొదటి కీపరు ఎవరని అడిగితే ఎవరైనా ఫరూఖ్ ఇంజినీర్ పేరే చెప్పేవారు. 1967 జనవరిలో మద్రాసు టెస్టులో వెస్టిండీస్ మీద మొదటి దినం మధ్యాహ్న భోజనానికి ముందే 94 పరుగులు చేసి, తరువాత శతకం పూర్తి చేసిన ఘనుడాయన. కాని 1968 నుండి ఆయన ఇంగ్లండులోని లాంకషైర్ కౌంటీకి వృత్తి క్రీడాకారునిగా కుదురుకొన్నారు. మన దేశంలో ఆ రోజులలో క్రికెట్ ఒక జీవనవృత్తి కాదు. బ్యాంకులో, రైల్వేలో, సర్కారు కార్యాలయంలో ఉద్యోగం చేసుకొంటూ సెలవు తీసుకొని ఆడవలసినదే. ఇంజినీర్ ఆటనే వృత్తిగా చేసుకొన్నారు. స్వదేశపు పోటీలలో ఆడినవారినే ఎంపిక చేయవలెనని సెలెక్టర్లు ఆ సారి నిర్ణయించుకొన్నందున ఆయనకు జట్టులో చోటు దొరకలేదు. హైదరాబాదు నుండి కృష్ణమూర్తి, బెంగాలు నుండి రూసీ జీజీబాయ్ కీపర్లుగా బయలుదేరినారు. ఇద్దరూ అంతకు ముందు టెస్టు ఆడినవారు కారు. ఇద్దరిలో ఎవరికీ బ్యాటింగులో పేరు లేదు.

ఆ పర్యటనలో హైదరాబాదు వారు అయిదుగురు ఉన్నారు. జయసింహ, ఆబిద్ అలీ, జయంతిలాల్, గోవిందరాజ్, కృష్ణమూర్తి. ఒకే నగరం నుండి ఒకే పర్యటనకు అయిదుగురు వెళ్ళడం సామాన్య విషయం కాదు.

1971 ఫిబ్రవరిలో కింగ్‌స్టన్ నగరపు సబీనా పార్కులో జరిగిన మొదటి టెస్టులో కృష్ణమూర్తి, జయంతిలాల్ ఇద్దరూ ఒకేసారి రంగప్రవేశం చేసినారు. మొదటి దినం ఆట వర్షంలో కొట్టుకొనిపోయినది. తరువాత భారత జట్టు 75 పరుగులకే 5 వికెట్లు కోల్పోయిన దశలో దిలీప్ సర్దేశాయ్ 212 పరుగులు చేసి జట్టును 387 దాకా తీసుకొనిపోయినారు. వెస్టిండీస్ 217కే ముగిసినది. ఒక దినం పోయినందువలన ఫాలో ఆన్‌కు 150 పరుగుల ఆధిక్యమే చాలునన్న నియమాన్ని గుర్తు పెట్టుకొని వాడేకర్ సోబర్స్‌ను మరల బ్యాటింగుకు దింపినారు. మ్యాచ్ డ్రా అయినది. అయినా వెస్టిండీస్‌ను ఫాలో ఆన్ ఆడించిన భారత జట్టు అంతవరకు లేదు. జయంతిలాల్‌కు అది మొదటి టెస్టు, చివరి టెస్టు కూడా. ఆయన స్థానంలో తరువాతి టెస్టుకు వచ్చినవాడు సునీల్ గవాస్కర్. ఇక ఆ సంగతి అందరికీ తెలిసినదే.

మార్చి 6న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రెండవ టెస్టు మొదలైనది. మ్యాచ్ మొదటి బంతికే ఆబిద్ అలీ రాయ్ ఫ్రెడరిక్స్‌ను బౌల్డు చేసినారు. బంతి వేసినది హైదరాబాదు వాడు, వికెట్ల వెనుక చూస్తున్నది హైదరాబాదు వాడు. వెస్టిండీస్ 214 పరుగులకు ముగిసినది. భారత్ 352 చేసినది. నోరీగా అనే ఆఫ్ స్పిన్నర్ ఒక్కడే 95 పరుగులకు 9 వికెట్లు తీసినా సర్దేశాయ్ శతకాన్ని ఆపలేకపోయినాడు. రెండవ ఇన్నింగ్స్‌లో సలీం దురానీ సోబర్స్‌ను సున్నాకే బౌల్డు చేసి, లాయిడ్‌ను కూడా వెనువెంటనే పంపినారు. వెంకటరాఘవన్ 5 వికెట్లు తీసినారు. ఏడు వికెట్ల తేడాతో భారత్ గెలిచినది. వెస్టిండీస్ మీద మన దేశానికి అదే మొదటి టెస్టు విజయం. మిగిలిన మూడు టెస్టులు డ్రా కాగా 1-0తో సిరీస్ మనదైనది. వెస్టిండీస్ గడ్డ మీద సిరీస్ గెలవడం కూడా అదే ప్రథమం. గవాస్కర్ 774 పరుగులు దేశమంతటా మారుమ్రోగినవి.

ఆ అయిదు టెస్టులలోనూ వికెట్ల వెనుక నిలిచినవారు కృష్ణమూర్తి. బేడీ, ప్రసన్న, వెంకటరాఘవన్, దురానీ, ఆబిద్ అలీ వేసిన వందలాది ఓవర్లను ఆయనే అందుకొన్నారు. ఎదుట ఆడుతున్నవారు సోబర్స్, కన్హాయ్, లాయిడ్, డేవిస్. పట్టికలో ఆయన లెక్క 7 క్యాచ్‌లు, 1 స్టంపింగ్. ఇది తక్కువ కదా అని అడిగేవారుంటారు. స్పిన్నర్ల మీద నిలబడిన ఆ జట్టులో దగ్గర నిలిచే ఫీల్డర్లు మహా ఘనులు. షార్ట్ లెగ్‌లో సోల్కర్, ఆబిద్ అలీ, స్లిప్‌లో వాడేకర్, గల్లీలో వెంకటరాఘవన్. బ్యాటు, ప్యాడు తగిలి లేచిన బంతులు ఎక్కువగా వారి చేతులలో పడినవి. కీపరుకు మిగిలినది తప్పిపోయిన బంతులను బైలుగా పోనీయకుండా ఆపడం, బౌలరుకు ధైర్యం ఇవ్వడం. బ్యాట్స్‌మన్‌ను ముందుకు రమ్మని ఊరించే బంతిని వేయడానికి స్పిన్నర్‌కు ధైర్యం రావలెనంటే వెనుక నిలిచినవాని మీద నమ్మకం ఉండవలెను. ఆ నమ్మకానికి స్కోరు పుస్తకంలో గడి లేదు.

బ్యాటింగుకు మాత్రం గడి ఉన్నది. ఆ గడిలో కృష్ణమూర్తి పేరు ఎదుట 6 ఇన్నింగ్స్, 33 పరుగులు, అత్యధికంగా 20, సగటు 5.50 అని వ్రాసి ఉన్నది. దానిని మేము కప్పిపుచ్చము. చివరి వరుసలో వచ్చే బౌలర్లు కూడా ఆ సిరీస్‌లో అంతకంటె మెరుగుగా ఆడినారు. కీపరు స్థానం బ్యాట్స్‌మన్ స్థానంగా మారుతున్న కాలమది. ఆ మార్పు మన దేశంలో అప్పటికే చాలా దూరం వచ్చినది. 1950లలో నరేన్ తమ్హానే 21 టెస్టులు ఆడి మొత్తం 225 పరుగులు చేసినారు; కీపింగులో ఆయనను మించినవారు లేరని పేరు గడించినారు. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండు మీద బుధి కుందెరన్ 192 పరుగులు చేసినప్పటి నుండి జనం కీపరు దగ్గర నుండి కూడా పరుగులు ఆశించడం మొదలుపెట్టినారు. ఇంజినీర్ ఆ ఆశను నిత్యావసరంగా మార్చినారు. కృష్ణమూర్తి తమ్హానే కాలపు కీపరు. ఇంజినీర్ కాలంలో ఆడవలసి వచ్చినది.

అయితే పరుగులు చేసినంత మాత్రాన చోటు నిలుస్తుందనుకోవడం కూడా పొరపాటేనని ఆ సిరీస్‌లోనే ఒక ఉదాహరణ ఉన్నది. ఇది మన విద్యార్థులలో చాలామంది విని ఉండరు. మూడవ టెస్టు నుండి వెస్టిండీస్ మైక్ ఫిండ్లే స్థానంలో జమైకాకు చెందిన డెస్మండ్ లూయిస్‌ను కీపరుగా దింపినది. ఆయన మొదటి ఇన్నింగ్స్‌లోనే అవుట్ కాకుండా 81 పరుగులు చేసినారు. తరువాత 88 కూడా చేసినారు. మూడు టెస్టులలో 259 పరుగులు, సగటు 86.33. ఆ తరువాత లూయిస్‌ను ఏ టెస్టుకూ పిలువలేదు. ఒక వైపు 33 పరుగులు చేసిన కీపరు, మరొక వైపు 259 పరుగులు చేసిన కీపరు. ఇద్దరికీ 1971 ఏప్రిల్‌లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ముగిసిన అయిదవ టెస్టే చివరి టెస్టు అయినది. ఇద్దరిలో ఎవరి పట్ల ఎక్కువ అన్యాయం జరిగినదని మమ్ములను అడిగితే లూయిస్ పేరే చెప్పవలసి ఉంటుంది. కృష్ణమూర్తిని పక్కన పెట్టడానికి ఒక కారణమైనా కనిపిస్తున్నది.

గెలిచి వచ్చిన జట్టు అదే సంవత్సరం ఇంగ్లండు వెళ్ళినది. కృష్ణమూర్తి కూడా వెళ్ళినారు. కాని ఇంజినీర్ ఇంగ్లండులోనే ఉన్నారు. ఈసారి సెలెక్టర్లు ఆయనను టెస్టులకు తీసుకొన్నారు. లాంకషైర్‌తో ఒప్పందం వలన ఇంజినీర్ టెస్టులకే ప్రధానంగా పరిమితమైనందున కౌంటీ జట్లతో జరిగిన మ్యాచ్‌ల భారం కృష్ణమూర్తి మీద, మైసూరు నుండి వచ్చిన యువకుడు సయ్యద్ కిర్మాణీ మీద పడినది. ఆగస్టులో ఓవల్ మైదానంలో చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసినప్పుడు వెనుక నిలిచినది ఇంజినీర్. ఆయన మొదటి ఇన్నింగ్స్‌లో 59, రెండవ ఇన్నింగ్స్‌లో అవుట్ కాకుండా 28 పరుగులు చేసి గెలుపునకు తోడ్పడినారు. గెలుపు పరుగులు కొట్టినది మన ఆబిద్ అలీ. ఇంజినీర్‌ను తీసుకొన్నది తప్పని ఆ మ్యాచ్ చూసిన తరువాత ఎవరూ అనలేరు. కాని ఆరు నెలల క్రితం స్వదేశపు పోటీలలో ఆడలేదని ఆయనను ప్రక్కన ఉంచిన నియమం ఆరు నెలలలో ఏమైనదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోతుంది. నియమం సరియైనదైతే రెండు పర్యటనలకూ సరియైనదే కావలెను. అది తెచ్చినప్పుడు ఇంజినీర్ నష్టపోయినారు, మరచినప్పుడు కృష్ణమూర్తి నష్టపోయినారు.

ఇంజినీర్ 1975 జనవరిలో చివరి టెస్టు ఆడినారు. ఆ ఖాళీ ఎవరికి దక్కవలెనన్న ప్రశ్న వచ్చేసరికి కృష్ణమూర్తికి 27 ఏండ్లు దాటినవి, కిర్మాణీకి 25. ఇద్దరూ దక్షిణ మండలం వారే కావడం మరొక ఇబ్బంది. దులీప్ ట్రోఫీలో ఒక మండలానికి కీపరు ఒక్కడే ఉంటాడు. ఒకరు ఆడితే మరొకరు చూస్తూ కూర్చొనవలసినదే. కొంతకాలానికి తమిళనాడు నుండి భరత్ రెడ్డి కూడా అదే మండలంలో ఎదిగి వచ్చినారు. ఉత్తరాననో తూర్పుననో పుట్టి ఉంటే కృష్ణమూర్తికి మరికొన్ని అవకాశాలు దొరికి ఉండేవని మా అభిప్రాయం.

1976 ఆరంభంలో భారత జట్టు న్యూజీలాండ్, వెస్టిండీస్ దేశాలకు వెళ్ళినది. కిర్మాణీ మొదటి కీపరు, కృష్ణమూర్తి రెండవ కీపరు. ఆక్లండ్‌లో మొదటి టెస్టు ఆడిన కిర్మాణీ, తన రెండవ టెస్టులోనే ఒక ఇన్నింగ్స్‌లో ఆరుగురిని అవుట్ చేసి నాటి ప్రపంచ రికార్డును అందుకొన్నారు. ఆ తరువాత ఇంక తర్కించవలసినదేమీ మిగలలేదు. కిర్మాణీ 88 టెస్టులు ఆడి, 198 మందిని అవుట్ చేసి, 2,759 పరుగులు చేసినారు. ఫిబ్రవరిలో న్యూజీలాండ్‌తో జరిగిన రెండు ఒకదిన మ్యాచ్‌లలో ఒకటి మాత్రమే కృష్ణమూర్తి వంతునకు వచ్చినది.

అక్కడి నుండి జట్టు వెస్టిండీస్ చేరినది. ఏప్రిల్ 12న పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో 403 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన ఘట్టం ప్రసిద్ధమే. ఆ వెంటనే కింగ్‌స్టన్‌లో వెస్టిండీస్ వేగపు బౌలర్లు మనవారిని గాయపరచినారు. అంశుమన్ గైక్వాడ్ చెవికి దెబ్బ తగిలినది. విశ్వనాథ్ వేలు విరిగినది. రెండవ ఇన్నింగ్స్‌లో అయిదుగురు బ్యాటింగుకే రాలేదు. ఆ మ్యాచ్‌లో పర్యటన జట్టులోని 17 మందీ ఏదో ఒక సమయంలో ఫీల్డింగుకు దిగవలసి వచ్చినది. 1971 ఫిబ్రవరిలో టెస్టు క్రీడాకారునిగా అడుగు పెట్టిన సబీనా పార్కులోనే కృష్ణమూర్తి అయిదేండ్ల తరువాత గాయపడినవారికి బదులుగా నిలిచినారు. చేతులకు కీపరు తొడుగులు లేకుండా.

1970 దశకం ముగిసేసరికి ఆయన క్రీడాజీవితం ముగిసినది. మొత్తం నూటికి పైగా ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లు ఆడి, రెండు వందల మందికి పైగా బ్యాట్స్‌మన్‌లను క్యాచ్ పట్టియో స్టంపింగ్ చేసియో వెనుకకు పంపినారు. పరుగులు పదిహేను వందల పైచిలుకు. టెస్టులలో ఆడిన అయిదూ విదేశంలోనే కావడం వలన స్వదేశపు ప్రేక్షకులు ఆయనను భారత జట్టు కీపరుగా టెస్టు మైదానంలో చూడనే లేదు. 1971 నాటికి మన హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం లేదు. జనం ఆ విజయాలను రేడియో వార్తలలో విన్నారు, మరునాటి పత్రికలో చదివినారు. పత్రికలో సర్దేశాయ్ పరుగులున్నవి, గవాస్కర్ పరుగులున్నవి, బౌలర్ల వికెట్లున్నవి. లెగ్ సైడున జారిపోబోయి ఆగిపోయిన బంతిని గురించి ఏ వార్తాహరుడు మాత్రం ఏమని వ్రాయగలడు?

మన కాటారం నుండి మంథనికి, మహదేవ్‌పూర్‌కు, భూపాలపల్లికి పోయే దారుల వెంట ఏ ఊరి బయట చూసినా సాయంకాలం కుర్రవాళ్ళు క్రికెట్ ఆడుతూ కనిపిస్తారు. వికెట్ల వెనుక నిలిచే పనిని ఎవరికి అప్పగిస్తారో గమనించండి. బౌలింగు రానివానికి, చిన్నవానికి, బ్యాటు ఎవరిదో వాని తమ్మునికి. మన కళాశాల జట్టులోనూ ఆ స్థానానికి పోటీ పడినవారిని మేము పెద్దగా చూడలేదు. క్రీడా సామగ్రి కొనేటప్పుడు బ్యాట్లకు, బంతులకు పోను మిగిలిన దానితోనే కీపరు తొడుగులు కొంటాము. వచ్చే సంవత్సరం ఆ వరుసను కొంచెం మార్చవలసినదిగా క్రీడా సంఘాన్ని ఈ సందర్భంగా కోరుతున్నాము.

కృష్ణమూర్తి 1999 జనవరి 28వ తేదీన దివంగతులైనారు. వయస్సు 51 సంవత్సరాలు. దానికి మూడు నెలల ముందు, 1998 అక్టోబరులో, హైదరాబాదు క్రికెట్‌కు పెద్దదిక్కయిన గులాం అహ్మద్ మరణించినారు. అదే 1999 జూలై 6న జయసింహ మరణించినారు. ఒక సంవత్సరం నిండకముందే నగరం ముగ్గురు టెస్టు ఆటగాళ్ళను కోల్పోయినది. 1971లో వెస్టిండీస్‌కు కలిసి వెళ్ళిన హైదరాబాదు అయిదుగురిలో అందరికంటె ముందుగా వెళ్ళిపోయినవారు కృష్ణమూర్తి. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఆ మొదటి బంతి వేసిన ఆబిద్ అలీ 2025 మార్చిలో అమెరికాలో కన్ను మూసినారు.